వరుసలో నిలబడని పిల్ల

మెట్ల మీద పెట్టిన పళ్ళెం మెట్ల మీదే ఉంది. పెద్దకోడలు పెట్టి వచ్చినప్పుడు మూత ఎలా ఉందో అలాగే ఉంది, పిసరంత కూడా కదల్లేదు.

పైన గది తలుపుకి లోపల గడియ పడింది. ఆ గడియ వెనక చిన్నకోడలు, ఆమె చంటివాడు ఉన్నారు. వాడికి ఇంకా నెలన్నరకి వేసే టీకా కూడా వేయలేదు. గడియకి ఇవతల మిగతా సంసారమంతా ఉంది. అందులో చిలక ఉంది. గొడవంతా చిలక గురించే.

చిలక పెద్దకోడలి కూతురు. నిద్రలో కూడా వాగుతుందని బాబాయి ముద్దుగా పెట్టిన పేరది. అలాంటి పిల్ల ఈమధ్య మాట తగ్గించి దగ్గు పెంచింది.

ఎంతసేపని మెట్లవైపు చూస్తావు, ఆకలేస్తే తనే తింటుందిలే అన్నారు అత్తగారు. అని గొంతు సవరించుకున్నారు. ఆవిడ గొంతు సవరించుకోవడం ఆ ఇంట్లో గోడగడియారం చప్పుడులాంటిది. ఎప్పుడూ ఉండేదే కనుక ఎవరి చెవికీ ఆనదు.

పెద్దకోడలికి పట్టింది చిన్నకోడలి ఆకలి కాదు, చిన్నకోడలి పంతం. ఎందుకంటే ఆవిడ ఉత్త పెద్దకోడలే కాదు, పక్కవీధి బడిలో నర్సు కూడా. రోజూ పొద్దున్నే గేటు దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడుతుంది. బడి పిల్లలంతా ఆవిడ ముందు నోరు తెరిచి "ఆ" అన్నాకే లోపలికి అడుగు పెట్టాలి. ఎర్రటి గొంతైనా, ఒంటి మీద పొక్కైనా, పుసి కట్టిన కన్నైనా ఆవిడ చూపు దాటిపోలేదు. పిల్లలు ఆవిడకి 'నోరుతెరువమ్మ' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా.

అలా గేటు దగ్గరే ఆపేసింది పోయినవారం రొట్టెల దుకాణం ఆయన కొడుకుని. ఆ దగ్గు తీరు చూడగానే అనుమానం వచ్చి ఇంటికి పంపేసింది. డాక్టరమ్మ పరీక్ష చేయించి, కోరింత దగ్గే అని తేల్చింది. అక్కడితో ఆగితే నోరుతెరువమ్మకి మంచి పేరే వచ్చి ఉండేది. కానీ రొట్టెలాయన గేటు దగ్గరికొచ్చి, నలుగురు తల్లులు వింటుండగా ఒక మాట అని వెళ్ళాడు. మావాడి పక్కన కూర్చునేది మీ అమ్మాయే, మావాడికంటే ముందు నుంచీ దగ్గుతోంది, ముందు దాని గొంతు చూసుకోండి అన్నాడు.

ఆ మాట గేటు దగ్గర పుట్టి, వీధి దాటి, మెట్లెక్కి చిన్నకోడలి గదిలోకి చేరడానికి ఒక పూట కూడా పట్టలేదు.

చిన్నకోడలు మొదట మెత్తగానే అడిగింది. అక్కా, ఒకసారి చిలకని డాక్టరుకి చూపిద్దాం, చంటివాడున్న ఇల్లు కదా అంది. పెద్దకోడలు నవ్వేసింది. ఆ నవ్వే కొంప ముంచింది.

"అందరి పిల్లల గొంతులూ చూస్తావు కదక్కా. చిలకది ఎప్పుడు చూశావు?" అంది చిన్నకోడలు.

"కన్నతల్లిని. నా పిల్ల గొంతు చూడ్డానికి నాకు టార్చిలైటు కావాలా?"

"కావాలేమో."

"దుమ్ముకి వచ్చిన దగ్గది. ఇందులో నర్సుని నేనా, నువ్వా?"

"నువ్వే. నేను ఉత్త తల్లిని. నీకు నమ్మకం కుదిరేదాకా మాత్రం చిలకని మా గదివైపు రానివ్వకు."

మా గది. పుట్టి పెరిగిన ఊరు వదిలి ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచీ పెద్దకోడలే తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, కాన్పప్పుడు ఆసుపత్రిలో చెయ్యి పట్టుకుంది. అలా చూసుకున్న పిల్ల నోట 'మా గది' అన్న మాట వినేసరికి పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. అయితే మీ గదిలోనే ఉండు, తిండి కూడా అక్కడికే పంపిస్తాను అంది. చిన్నకోడలు సరేనని లేచి వెళ్ళి గడియ వేసుకుంది. అప్పటి నుంచీ ఆమె నోట 'అక్కా' అన్న పిలుపు లేదు. ఏదైనా కావలసివస్తే అత్తగారితో "ఆవిడకి చెప్పండి" అంటోంది.

ఈ యుద్ధంలో మగవాళ్ళ సంగతి చెప్పుకోకపోవడమే మేలు. అన్నదమ్ములిద్దరూ ఇంటి ముందున్న షెడ్డులో బళ్ళు బాగుచేస్తారు. ఇంట్లో గొంతులు లేచినప్పుడల్లా ఇద్దరికీ ఏదో ఒక బండి కింద దూరాల్సిన పని తగులుతుంది. ఆ సాయంత్రం మాత్రం పెద్దాయన ధైర్యం చేసి, చేతులు తుడుచుకుంటూ వంటగది గుమ్మం దాకా వచ్చాడు.

"ఒకసారి చూపిస్తే పోయేదేముంది?" అన్నాడు.

"నా పేరు పోతుంది. రొట్టెలాయన అన్నది నిజమేనని నేనే చాటింపు వేసినట్టవుతుంది. రేపు గేటు దగ్గర ఏ తల్లి నా ముందు పిల్లని నిలబెడుతుంది?"

"చిలక దగ్గుతోంది కదా మరి."

"ఎక్కడ దగ్గుతోంది? నిన్న రాత్రి ఒక్కసారైనా వినిపించిందా మీకు?"

ఆయన ఆలోచించాడు. నిజమే, వినిపించలేదు. చిలక ఈమధ్య నాయనమ్మ గదిలో పడుకుంటోంది, ఆ గదిలోంచి చప్పుడేమీ రావడం లేదు. రాత్రి లేని దగ్గు పెద్ద దగ్గు కాదని పెద్దకోడలి వాదన. ఆయన తలూపి మళ్ళీ బండి కింద దూరాడు.

ఇద్దరు కోడళ్ళ మధ్య రాకపోకలన్నీ అత్తగారివే. గడియ తీసేది ఆవిడ ఒక్కరికే. పొద్దున చంటివాడికి స్నానం చేయించేదీ, ఒళ్ళో వేసుకుని జోకొట్టేదీ, చిన్నకోడలు కాసేపు కునుకు తీసేలా చూసేదీ ఆవిడే. కింద చిలకని పక్కలో వేసుకుని పడుకునేదీ ఆవిడే. ఆ తల్లి లేకపోతే ఈ ఇల్లు ఎప్పుడో రెండు ముక్కలయ్యేదని అందరూ అనుకునేవారు. అనుకున్నారు కానీ, ఆవిడ రెండు వైపులా తిరుగుతున్నారన్న సంగతి మీద మాత్రం ఎవరి ఆలోచనా నిలవలేదు.

మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర ఎప్పటిలాగే వరుస కట్టారు పిల్లలు.

రొట్టెలాయన కొడుకు కబురు పాకాక వరుసలో గోల తగ్గింది. తల్లులు పిల్లల్ని దింపి వెళ్ళిపోకుండా గోడ పక్కన నిలబడుతున్నారు. వాళ్ళ చూపులు నోరుతెరువమ్మ చేతిలోని టార్చిలైటు మీద ఉన్నాయో, ఆవిడ మొహం మీద ఉన్నాయో తెలియడం లేదు. ఆవిడకి మాత్రం వీపు మీద ఏదో పాకుతున్నట్టే ఉంది.

ఆ బడిలో ఆవిడ పద్ధతి ఒకటుంది. గేటు తెరవకముందే ఆఫీసు వైపు చిన్న తలుపులోంచి లోపలికి వెళ్ళి, మందుల గది తెరిచి, చేతులు కడుక్కుని, అప్పుడు గేటు దగ్గరికి వస్తుంది. చిలక తల్లితోనే వస్తుంది కనుక ఆ చిన్న తలుపులోంచే వస్తుంది. గంట కొట్టేదాకా మందుల గదిలో కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. గంట కొట్టగానే తిన్నగా తరగతికి పోతుంది. బడిలో చేరిన రోజు నుంచీ ఇంతే. అందరూ నిలబడే ఆ వరుసలో చిలక ఒక్క పూట కూడా నిలబడలేదు. ఇది మోసం కాదు, పక్షపాతం అంతకంటే కాదు. కంటి ముందు ఉన్న పిల్ల కనుక మళ్ళీ చూడాలన్న ఆలోచనే రాలేదు.

నోరుతెరువమ్మ ఒక పిల్లాడి గడ్డం పట్టుకుని టార్చిలైటు వేసింది. "ఆ" అన్నాడు వాడు.

అప్పుడు వినిపించింది.

దగ్గు మీద దగ్గు. మధ్యలో ఊపిరికి సందు లేదు. ఎవరో పిల్లని పట్టుకుని కుదిపేస్తున్నట్టు వరసగా వచ్చి, చివర గాలి లోపలికి పీల్చుకుంటూ సన్నటి కూత. ఆ కూత విన్నవాళ్ళు మళ్ళీ మరిచిపోరు.

ఆవిడ చటుక్కున వరుస వైపు తిరిగింది. ఎవరది అని అడిగింది. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వరుసలో ఎవరూ దగ్గలేదు. గోడ పక్కన నిలబడ్డ తల్లులంతా మాత్రం ఒకేవైపు చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నది మందుల గది వైపు.

రెండోసారి కూత వచ్చేసరికి ఆవిడ అక్కడ లేదు.

చిలక బల్ల కింద ముడుచుకుని కూర్చుని, తల్లి శాలువా నోట్లో కుక్కుకుని దగ్గుతోంది. కళ్ళు ఉబ్బిపోయాయి. మొహం కందగడ్డలా ఉంది. తల్లిని చూడగానే తప్పు చేసినదానిలా శాలువా వెనక్కి దాచింది. పెద్దకోడలు పిల్లని బయటికి లాగి ఒళ్ళో వేసుకుంది, ముందుకి వంచి వీపు పట్టుకుంది. ఆ ఆయాసం తగ్గేదాకా అలాగే పట్టుకుంది.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి?"

చిలక తల దించుకుంది.

"చెప్పమ్మా. తిట్టను."

"చాలా రోజుల నుంచి. నేను దగ్గితే నువ్వూ పిన్నీ పోట్లాడుకుంటారు కదా, అందుకే దిండులో దగ్గేదాన్ని."

రాత్రి లేని దగ్గు పెద్ద దగ్గు కాదని మొగుడి ముందు వాదించింది తనే.

"నాయనమ్మ ఏం చెయ్యలేదా?"

"నాయనమ్మే చెప్పింది, దుప్పటి కప్పుకుని దగ్గితే బయటికి వినపడదని. నాయనమ్మ కూడా అలాగే చేస్తుంది. ఇద్దరం దుప్పట్లో దూరి దగ్గుతాం. నాయనమ్మకి నాకంటే ఎక్కువ వస్తుందమ్మా. నీకు చెప్పొద్దంది."

గోడగడియారం చప్పుడులాంటి ఆ గొంతు సవరింపు ఆవిడ చెవుల్లో మొదటిసారి వినిపించింది. పెద్దవాళ్ళలో ఈ జబ్బు ఇలాగే ఉంటుంది, మామూలు పొడిదగ్గులా, ఎవరూ పట్టించుకోనంత మామూలుగా. ఈ ముక్క ఆవిడే మొన్న రొట్టెలాయన భార్యకి వేలు చూపించి మరీ చెప్పింది. ఇంకో ముక్క కూడా చెప్పింది. చంటిపిల్లలకి ఒక్కోసారి దగ్గు రాదమ్మా, ఊపిరి ఆగిపోతుంది, అందుకే జాగ్రత్త అంది.

పొద్దున ఎండ కాస్త వెచ్చబడే వేళ. ఇంటి దగ్గర ఇది చంటివాడికి స్నానం చేయించే వేళ.

పెద్దకోడలు చిలక మొహానికి మాస్కు కట్టింది, తనూ కట్టుకుంది. హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. మా అమ్మాయికి కోరింత దగ్గులా ఉంది, రొట్టెలాయన కొడుక్కంటే ముందే మొదలైంది, ఆ తరగతి పిల్లలందరి ఇళ్ళకీ ఇవాళే కబురు పంపాలి, డాక్టరమ్మని పిలిపించాలి, ఈ పూట గేటు దగ్గర ఇంకెవరినైనా నిలబెట్టండి అంది. ఆయన కళ్ళజోడు తీసి ఏదో అడగబోయాడు. సమాధానం చెప్పడానికి ఆవిడ ఆగలేదు. ముందు ఇంటికి ఫోన్ చేసింది. చిన్నకోడలి ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. షెడ్డులో ఏదో ఇంజను గోలలో అన్నదమ్ములకి వినపడలేదు.

గేటు దగ్గర రొట్టెలాయన ఎదురయ్యాడు. కొడుకుని మళ్ళీ ఎప్పుడు బడికి పంపొచ్చో అడగడానికి వచ్చినట్టున్నాడు. చిలకకి మళ్ళీ దగ్గు తెర వచ్చింది. ఆవిడ అక్కడే కూలబడి పిల్లని పట్టుకుంది. ఇప్పుడేమంటాడో అననీ అనుకుంది. ఆయన వంగి చిలక సంచీ తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. కొడుకుని ఇలాగే పట్టుకుని కూర్చున్నవాడి మొహం అది.

"పిల్లని నేను తీసుకొస్తాను. మీరు పరిగెత్తండి," అన్నాడు.

చంటివాడి సంగతి ఆయనకెలా తెలుసని ఆవిడ అడగలేదు. ఊరందరికీ తెలిసినదే, ఆవిడ ఒక్కతే తెలియనట్టు నటించింది.

ఇంట్లో కింద అత్తగారు లేరు. పైన గదిలోంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. పెద్దకోడలు మెట్లెక్కింది. నిన్నటి పళ్ళెం ఇంకా అక్కడే ఉంది, దాన్ని దాటుకుని పైకి పోయి తలుపు తట్టింది.

"ఎవరు?" చిన్నకోడలి గొంతు.

"నేనే. తలుపు తియ్యి."

గడియ కదల్లేదు.

"అత్తయ్యని ఒకసారి బయటికి పంపు. వాణ్ణి నువ్వు తీసుకో. ముందు ఆ పని చెయ్యి."

"ఎందుకు?" అంది చిన్నకోడలు. ఆ గొంతులో నిద్రలేని రాత్రులన్నీ ఉన్నాయి. "నాకు సాయానికి ఆవిడొక్కరే ఉన్నారు. అది కూడా ఓర్వలేకపోతున్నావా?"

"అది కాదమ్మా."

"ఏది కాదు? నీ మాట వినలేదనేగా ఇదంతా. నీకు తెలియనిది లేదు, నాకు తెలిసినది లేదు. పొద్దున్నే ఈ గొడవ నాకొద్దు, వెళ్ళిపో."

పెద్దకోడలు తలుపుకి నుదురు ఆనించింది. బడిలో హెడ్‌మాస్టరు ముందు తేలిగ్గా వచ్చిన మాట ఇక్కడ అంత తేలిగ్గా రాలేదు. అక్కడ పోయేది ఉద్యోగం. ఇక్కడ ఈ తలుపు ఇంకెప్పటికీ తెరుచుకోకపోవచ్చు.

"నువ్వన్నదే నిజం. చిలకకి కోరింత దగ్గే. నేను చూడలేదు. చూడాలనుకోలేదు. అత్తయ్యకి కూడా అదే ఉంది, దుప్పట్లో దగ్గుతూ మన దగ్గర దాచారు. వాణ్ణి ఆవిడ చేతుల్లోంచి తీసుకో తల్లీ. నన్ను తర్వాత ఎన్నయినా అను."

నీళ్ళ చప్పుడు ఆగింది.

ఒక్క దగ్గు వినిపించింది, బిగబట్టుకున్న పొడిదగ్గు. అది అత్తగారిది. ఇంతకాలం ఆవిడ ఎంత కష్టపడి దాన్ని ఆపుకుంటున్నారో ఆ ఒక్క దగ్గులో తెలిసిపోయింది. ఆ తర్వాత మళ్ళీ నిశ్శబ్దం. స్నానం చేయించేటప్పుడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చే చంటివాడు ఇవాళ ఏడవడం లేదన్న సంగతి పెద్దకోడలికి అప్పుడు తట్టింది.

"అక్కా."

గడియ తీసిన చప్పుడు.

"అక్కా, వీడు ఏడవట్లేదు."

తలుపు తెరుచుకుంది. తువ్వాలులో చుట్టిన చంటివాణ్ణి రెండు చేతులా ముందుకి చాచి నిలబడింది చిన్నకోడలు. వాడి పెదాల చుట్టూ నీలం కమ్ముతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు.

అందుకోబోయి పెద్దకోడలు ఒక్క క్షణం ఆగింది. ఈ చేతులే ఇంతసేపూ చిలకని పట్టుకున్నాయి. మరుక్షణం ఆ ఆలోచన పక్కకి నెట్టి వాణ్ణి తీసుకుంది. బోర్లా ముంజేతి మీద వేసుకుని వీపు రుద్దింది. అరికాళ్ళ మీద వేళ్ళతో గట్టిగా కొట్టింది. ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది. అప్పుడు, పిల్లి తుమ్మినంత చిన్నగా ఒక దగ్గు వచ్చింది, దాని వెనకే ఊపిరి అందుకుంది. పెదాల రంగు మెల్లగా తిరిగింది.

"నువ్వు పట్టుకో. తల కాస్త ఎత్తులో ఉంచు. ఛాతీ మీంచి చూపు తిప్పకు. ఆగిందనిపిస్తే అరికాళ్ళు కొట్టు, నన్ను పిలువు. పద, ఆసుపత్రికి."

చిన్నకోడలు తువ్వాలుతో సహా కొడుకుని గుండెకి అదుముకుని మెట్లు దిగింది. పెద్దకోడలు కిటికీలోంచి కేకేసింది. ఈసారి షెడ్డులో ఇంజను ఆగింది, ఇద్దరు మగవాళ్ళూ ఒకేసారి బండి కిందనుంచి బయటికొచ్చారు. వ్యాను తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది.

ఆవిడ కూడా గుమ్మం దాటుతుండగా వెనకనుంచి అత్తగారు వచ్చారు. చేతులు ఇంకా తడిగా ఉన్నాయి.

"మీరు రావద్దు అత్తయ్యా. ఇక్కడే ఉండండి. చిలక వస్తోంది, దాన్ని చూసుకోండి."

ముసలావిడ గుమ్మంలోనే ఆగిపోయారు. తన తడి చేతుల వైపు చూసుకున్నారు.

"మీరిద్దరూ పోట్లాడుకుంటున్నారని దాచానే. అంతే. రోజూ వాణ్ణి ముద్దు పెట్టుకునేదాన్ని." ఆవిడ గొంతు సవరించుకోబోయి, భయపడి ఆపేసుకున్నారు. "నా వల్లేనా?"

పెద్దకోడలు మెట్ల మీద నిలబడిపోయింది. కాదని చెప్పాలి. కాదని చెబితే అబద్ధం. అవునని చెబితే ఈ మనిషి ఇక లేవదు. అసలు ఎవరి వల్ల అని అడిగితే తన దగ్గర వేరే సమాధానం ఉంది, దాన్ని చెప్పడానికే నోరు తెరిచింది.

"అక్కా!" కింద వ్యాను దగ్గర్నుంచి చిన్నకోడలు. "మళ్ళీ!"

ఆవిడ వెనక్కి చూడకుండా దూకింది. కాలు తగిలి నిన్నటి పళ్ళెం ఎగిరిపడింది. ఒక్కో మెట్టూ కొట్టుకుంటూ, ఇల్లంతా అదిరిపోయేలా మోగుతూ, అడుగు దాకా దొర్లిపోయింది. ఆ మోతకి ఉలిక్కిపడైనా వాడు ఏడుస్తాడేమోనని, పరిగెత్తుతూనే పెద్దకోడలు చెవులు రిక్కించి విన్నది.